కేంద్ర వాణిజ్య మంత్రి చేతిలో ఏముంది, ఏం లేదు: రొయ్య, పొగాకు, వరి పండించే జిల్లాల నుంచి చూస్తే

నెల్లూరు జిల్లా అల్లూరు నుంచి మీరు రాసిన ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం పెంచగానే గుంట దగ్గర రొయ్య ధర పడింది. ప్రజాప్రతినిధులు, రైతు సంఘాల నాయకులు ఢిల్లీ దారి పట్టి కేంద్ర వాణిజ్య మంత్రికి వినతిపత్రాలు ఇచ్చారు, ఫొటోలు పత్రికల్లో వచ్చాయి, వంద కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్య) ధర మాత్రం ఆ వినతిపత్రాలకు కదలలేదు. ఆయనకు అధికారం ఉంటే ఎందుకు వాడలేదు, లేకపోతే అందరూ ఆయన తలుపే ఎందుకు తడతారు అని మీరు అడిగారు. నెల్లూరులో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి పత్రాల పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. మా మేనమామలు కొండపి ప్రాంతంలో పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే కొట్లు) నడిపినవాళ్లు. కాబట్టి ఈ మంత్రిత్వ శాఖ ఎక్కడ బలమైనదో, ఎక్కడ చేతులు కట్టుకుని నిలబడుతుందో రెండు వైపుల నుంచీ చూసే అవకాశం నాకు దొరికింది.

సూటిగా చెప్పాలంటే, వాణిజ్య మంత్రి చేతిలో ప్రధానంగా రెండే ఉన్నాయి. ఒకటి, ఏ సరుకు దేశం దాటవచ్చో ఏది దాటకూడదో చెప్పే గెజిట్ ప్రకటన. రెండోది, ఇతర దేశాలతో బేరమాడే బల్ల దగ్గర భారతదేశం తరఫున ఒక కుర్చీ. ఖజానా ఆయనది కాదు, చెరువు ఆయనది కాదు, ధర నిర్ణయించే అధికారం ఎవరి దగ్గరా లేదు. మనవాళ్లు ఇచ్చే వినతిపత్రాలలో చాలా భాగం ఆయన దగ్గర లేని మూడింటి గురించే ఉంటాయి. ఉన్న రెండింటి గురించి అడిగేవాళ్లు తక్కువ.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 41వ అంశం విదేశీ వాణిజ్యం, ఎగుమతి దిగుమతులు. కస్టమ్స్ సుంకాలు అదే జాబితాలో 83వ అంశంగా విడిగా ఉన్నాయి. ఈ విడదీత కాగితం మీదిది మాత్రమే కాదు, ఢిల్లీ భవనాలలో కూడా కనిపిస్తుంది. 1992 నాటి విదేశీ వాణిజ్య (అభివృద్ధి, నియంత్రణ) చట్టం మూడో సెక్షన్ కింద ఒక సరుకు ఎగుమతిని నిషేధించడం, పరిమితం చేయడం వాణిజ్య శాఖ పని. దాని తరఫున డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్) ప్రకటన ఇస్తుంది. అదే సరుకు మీద పన్ను వేయడం, తీయడం ఆర్థిక శాఖ పని. డంపింగ్ (విదేశీ సరుకును మరీ తక్కువ ధరకు తెచ్చి కుమ్మరించడం) మీద విచారణ జరిపి సుంకం సిఫారసు చేసేది వాణిజ్య శాఖ కిందనున్న డీజీటీఆర్ అయినా, ఆ సుంకాన్ని విధించేది ఆర్థిక శాఖే. కోరిక ఒకచోట, కలం ఒకచోట ఉంటుందన్నమాట. ఈ రెండు శాఖలకు పడనప్పుడు ఫైలు ఎంతకాలం తిరుగుతుందో ఎగుమతిదారులను అడిగితే చెబుతారు.

ఇప్పుడు మీ రొయ్యనే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా నడిచి చూద్దాం. వన్నామీ రకం రొయ్యను దేశంలోకి అనుమతించింది 2009లో, చెన్నైలోని తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ ద్వారా. ఆ సంస్థ ఇవాళ మత్స్య శాఖ కింద ఉంది. హేచరీకి వచ్చే తల్లి రొయ్యల మీద, మేత మీద దిగుమతి సుంకాన్ని 5 శాతానికి తగ్గించింది 2024 జులై బడ్జెట్, అంటే ఆర్థిక మంత్రి. గుంట నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరిగే కరెంటు రేటు రాష్ట్ర ప్రభుత్వానిది. గుంట తవ్వడానికి అనుమతి, ఉప్పునీటి కాలువ తగాదా జిల్లా యంత్రాంగానివి. పట్టుబడి నాడు కౌంటును బట్టి ధర చెప్పేది ప్లాంటు వాళ్లు, మధ్యలోని ఏజెంట్లు. ఇంతవరకు వాణిజ్య మంత్రి కనిపించడు. రొయ్య ప్రాసెసింగ్ ప్లాంటు గడప దాటి పెట్టెలోకి చేరాక ఆయన ప్రపంచం మొదలవుతుంది. 1972 చట్టంతో కొచ్చిలో ఏర్పడిన ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ), 1963 చట్టం కింద పనిచేసే ఎగుమతి తనిఖీ మండలి, ఏ ప్లాంటు ఏ దేశానికి పంపవచ్చో చెప్పే జాబితాలు, చెల్లించిన పన్నులలో కొంత తిరిగిచ్చే రోడ్‌టెప్ పథకం, అన్నీ ఆయన శాఖ పరిధిలోవే. మళ్లీ కంటైనరు ఓడరేవుకు చేరగానే ఓడరేవుల శాఖ, బ్యాంకు రుణం వాయిదా దగ్గర రిజర్వు బ్యాంకు వస్తాయి.

అంటే ఆయన చేయగలిగింది తక్కువా అంటే, తక్కువేమీ కాదు. ఐరోపా సమాఖ్య 2016లో మన చెరువు రొయ్యల సరుకులో తనిఖీకి తీసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. కారణం యాంటీబయాటిక్ అవశేషాలు. సగం కంటైనర్లు పరీక్షకు ఆగితే రేవులో అద్దె పడుతుంది, కొన్నవాడు వేరే దేశం వైపు చూస్తాడు, ఆ నష్టం చివరకు ఇందుకూరుపేట, విడవలూరు గుంటల దగ్గర ధరగా దిగుతుంది. దీన్ని సరిచేయడానికి దౌత్యం, ప్రయోగశాల రెండూ కావాలి. ఐరోపాకు పోయే సరుకుకు పట్టుబడికి ముందు పరీక్ష చేసే ఏర్పాటు ఎంపెడాది. 2025 సెప్టెంబరులో ఐరోపా సమాఖ్య మరో 102 భారతీయ ప్లాంట్లను తన జాబితాలో చేర్చుకున్నదంటే, ఆ వెనక జరిగిన చర్చలు, తనిఖీ నివేదికలు ఈ శాఖవే. అమెరికా తలుపు సగం మూసుకున్న సమయంలో మన ప్రాంతానికి ఇంతకన్నా ఉపయోగపడిన ప్రకటన ఇంకొకటి లేదని నా అభిప్రాయం, అయినా దాని గురించి మన పత్రికలలో వచ్చింది నాలుగు ముక్కలే. అయితే నిషేధించిన మందు చెరువులో పోసినవాడి సరుకును ఏ మంత్రీ ఐరోపాలో అమ్మించలేడు. రైతు సంఘాలు ఈ మాట సభలలో చెప్పడానికి మొహమాటపడతాయి.

ఇక మీ ప్రశ్నకు కేంద్రమైన అమెరికా సుంకం సంగతి. దానికి ముందు ఒక పాత కథ తెలియాలి. 2005 ఫిబ్రవరిలో అమెరికా మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది, సగటు రేటు 10.17 శాతం. అది చాలదన్నట్టు, గత ఏడాది దిగుమతుల విలువకు ఆ సుంకం రేటు కడితే ఎంత అవుతుందో అంత మొత్తానికి ముందుగానే బాండు కట్టాలని అక్కడి కస్టమ్స్ శాఖ పట్టుబట్టింది. సుంకం ఒకసారి కడుతూ, అంతే మొత్తాన్ని హామీగా కూడా కట్టేయాలంటే చిన్న ఎగుమతిదారు దగ్గర నిర్వహణ పెట్టుబడి మిగలదు. దీని మీద ఏ కంపెనీ అయినా నేరుగా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లలేదు, ఆ గుమ్మం ప్రభుత్వాలకు మాత్రమే తెరుచుకుంటుంది. 2006 జూన్‌లో, కమల్‌నాథ్ వాణిజ్య మంత్రిగా ఉన్నప్పుడు, భారత్ ఫిర్యాదు చేసింది. థాయ్‌లాండ్ కూడా ఇదే విషయం మీద పోరాడింది. 2008 జులైలో ఆ సంస్థలో అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ ఆ బాండు షరతు సమంజసం కాదని తేల్చింది. అమెరికా వెనక్కి తగ్గవలసి వచ్చింది. యాంటీ డంపింగ్ సుంకం మాత్రం పోలేదు, ఏటేటా సమీక్షలతో కొనసాగింది. అయినా ఒక వాణిజ్య మంత్రి మన గుంటల కోసం పోరాడి గెలిచిన సందర్భం అడిగితే నేను ఇదే చెబుతాను.

మరి 2025లో అదే పని ఎందుకు చేయలేదు? ఆ అప్పిలేట్ బాడీయే ఇప్పుడు లేదు కాబట్టి. కొత్త సభ్యుల నియామకానికి అమెరికా ఒప్పుకోకపోవడంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయడం మానేసింది. కింది స్థాయిలో గెలిచినా ఓడినవాడు అప్పీలు అని కాగితం పెడితే కేసు గాలిలో వేలాడుతుంది. మనం కూడా ఆ వీలును వాడుకున్నవాళ్లమే. మన ఎగుమతి ప్రోత్సాహకాల మీద అమెరికా వేసిన కేసులో 2019 అక్టోబరు 31న మనకు వ్యతిరేకంగా నివేదిక వస్తే, దాని మీద అప్పీలుకు వెళ్లాం, అది అలాగే ఉండిపోయింది. ఆ కేసులో చిక్కుకున్న పాత పథకాన్ని తీసేసి 2021 జనవరి 1 నుంచి రోడ్‌టెప్ తెచ్చుకున్నాం. ప్రోత్సాహకం పేరు చెప్పకుండా, తిరిగి రాని పన్నులు మాత్రమే వాపసు చేస్తున్నట్టు ఉంటే నిబంధనలకు లోబడినట్టు అవుతుందన్నది దాని లెక్క. ఎగుమతికి సబ్సిడీ పెంచండి అని మనవాళ్లు అడిగినప్పుడు మంత్రి మౌనంగా నవ్వి ఊరుకోవడానికి కారణం ఇక్కడ ఉంది. నేరుగా సబ్సిడీ ఇస్తే దాన్నే చూపి అమెరికా మరో సుంకం వేస్తుంది. 2024 చివరిలో మన రొయ్యల మీద 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ (సబ్సిడీకి విరుగుడు) సుంకం పడింది సరిగ్గా ఆ పేరుతోనే.

ఆ పైన 2025 ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27న మరో 25 శాతం వచ్చి పడ్డాయి. రెండో 25 శాతానికి అమెరికా చెప్పిన కారణం మనం రష్యా నుంచి చమురు కొనడం. రొయ్యకు చమురుతో సంబంధం లేదు, వాణిజ్య మంత్రికి చమురు కొనుగోలుతో సంబంధం లేదు. అది విదేశాంగ శాఖ, పెట్రోలియం శాఖ, అన్నింటికన్నా పైన ప్రధాని కార్యాలయం తేల్చే విషయం. మొదటి 25 శాతం గురించి బేరం నడపవలసింది మాత్రం వాణిజ్య మంత్రే. ఆ బేరంలో అవతలివాళ్లు అడిగిన వాటిలో పాడి, మొక్కజొన్న, సోయా మార్కెట్లు ఉన్నాయి. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. రొయ్యకు అమెరికా తలుపు తెరిపించడానికి పాల పొడికి, వెన్నకు మన తలుపు తెరవవలసి వస్తే, ఒంగోలు చుట్టూ రెండు గేదెలతో సంసారం నడిపే ఇల్లాలు ఏమనాలి? సింగరాయకొండ వైపు ఒకే ఇంట్లో అన్నకు రొయ్యల గుంట, తమ్ముడికి పాల వ్యాపారం ఉన్న కుటుంబాలు ఎన్నో. ఆ ఇంటి ఓటు కోరే పార్లమెంటు సభ్యుడు ఢిల్లీలో రొయ్య గురించి మాత్రమే మాట్లాడగలడు. వాణిజ్య మంత్రికి ఆ సౌకర్యం లేదు.

2025 జులై 24న సంతకమైన బ్రిటన్ ఒప్పందంలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం స్పష్టంగా కనిపిస్తుంది. సముద్ర ఉత్పత్తుల మీద అక్కడ 21.5 శాతం దాకా ఉన్న సుంకాన్ని వాళ్లు సున్నా చేయడానికి ఒప్పుకున్నారు. బదులుగా విస్కీ మీద మన 150 శాతం సుంకాన్ని ముందు 75కు, పదేళ్లలో 40కి తగ్గించడానికి, కార్ల మీద వంద దాటిన సుంకాన్ని కోటా మేరకు 10 శాతానికి దించడానికి మనం ఒప్పుకున్నాం. పాడిని, యాపిళ్లను బయట ఉంచాం. విస్కీ తయారు చేసేవాడు మన జిల్లాలో లేడు కనుక మనకు ఇది లాభసాటి బేరం. మహారాష్ట్రలోనో పంజాబులోనో కూర్చున్నవాడు మరోలా చూస్తాడు. ఏ ఒప్పందాన్నైనా దేశానికి మంచిదా చెడ్డదా అని గుండుగుత్తగా అడగడం కన్నా, ఎవరి సరుకు లోపలికి రాకుండా నిలిచింది, ఎవరి సరుకు బయటికి వెళ్లింది అని అడగడం మేలు.

పొగాకు దగ్గరికి వస్తే కథ పూర్తిగా మారుతుంది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో వాణిజ్య మంత్రి పొలం గట్టు దాకా వచ్చే పంట ఇదొక్కటే, ఈ సంగతి పొగాకు రైతులకు తప్ప మిగిలినవాళ్లకు తెలియదు. 1975 చట్టం ప్రకారం 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. అది వ్యవసాయ శాఖ కింద కాకుండా వాణిజ్య శాఖ కింద ఉంది, ఎందుకంటే వర్జీనియా పొగాకును మొదటి నుంచీ ఎగుమతి సరుకుగానే చూశారు. ఈ ఏడు ఎన్ని కిలోలు పండించాలో, ఏ బ్యారన్‌కు ఎంత కోటానో బోర్డు చెబుతుంది. 1985 నుంచి మన రాష్ట్రంలో వేలం బోర్డు కేంద్రాలలోనే జరుగుతోంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి, కందుకూరు, కలిగిరి, డీసీపల్లి కేంద్రాలలో బేళ్లు వరసగా పేర్చి ఉన్నప్పుడు, కొనేవాళ్లు నో బిడ్ (పాట లేదు) అని దాటుకుంటూ పోయే రోజున, రైతు తిట్టుకునేది అక్కడ నిలబడ్డ బోర్డు అధికారిని. ఆ అధికారి పైవాడి పైవాడు ఢిల్లీలోని వాణిజ్య మంత్రి.

కోటాకు మించి పండిన పొగాకును వేలంలో అమ్మాలంటే అపరాధ రుసుము ఉంటుంది. దాన్ని మాఫీ చేయడం మంత్రి స్థాయిలో తేలే విషయం, పైగా ఆర్థిక మంత్రిని అడగకుండా తేలే విషయం. కనుకనే ప్రకాశం జిల్లా నాయకులు ఢిల్లీ నుంచి ఏదైనా సాధించుకుని వచ్చారంటే ఎక్కువసార్లు అది ఈ మాఫీయే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను పొగాకు తోటలను ముంచినప్పుడు, బోర్డు రైతు సంక్షేమ నిధి నుంచి సభ్యులకు తలా 10,000 రూపాయల వడ్డీ లేని రుణం మంజూరైంది. మొత్తం పెద్దది కాకపోయినా, తిరిగి నాట్లు వేసుకునే వారంలో చేతికి అందితే దానికి విలువ ఉంటుంది. కొనేవాళ్లు ముందుకు రానప్పుడు బోర్డే రంగంలోకి దిగి కొనే వీలు చట్టంలో ఉన్నా, 2020లో వేలం చతికిలపడినప్పుడు తన సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలుకు దిగింది రాష్ట్ర ప్రభుత్వం. ఈ విషయంలో కేంద్ర శాఖను నేను సమర్థించలేను. కోటా నిర్ణయించే హక్కు తన దగ్గర ఉంచుకున్నవాడికి ఆ కోటా సరుకు అమ్ముడుపోని రోజున కొంత బాధ్యత కూడా ఉండాలి.

నల్ల బర్లీ అనే మరో రకం పొగాకు సంగతి వేరు. బోర్డు కోటాలు, వేలాలు వర్జీనియాకే వర్తిస్తాయి. 2025లో బర్లీ పొగాకు కొనేవాడు లేక రైతులు రోడ్డెక్కినప్పుడు వాణిజ్య మంత్రికి ఇచ్చిన వినతిపత్రాలకు ఫలితం రాకపోవడానికి కారణం ఆయన మనసు కాదు, చట్టం హద్దు. అక్కడ కూడా చివరకు కొన్నది రాష్ట్రమే. దాన్ని బోర్డు పరిధిలోకి తెమ్మని అడగడం సబబైన కోరికే, కానీ దానితో పాటు కోటాలు, లైసెన్సులు, రుసుములు కూడా వస్తాయని బర్లీ రైతులకు ముందే చెప్పి అడగాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. 2004లో భారత్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని ఆమోదించింది. ఆరోగ్య శాఖ ఈ పంట తగ్గాలంటుంది, వాణిజ్య శాఖ ఎగుమతి పెరగాలంటుంది, రెండు మాటలూ ఒకే మంత్రివర్గానివి.

వరి విషయంలో వాణిజ్య మంత్రి కలం ఎంత పదునైనదో 2023 జులై 20న తెలిసింది. నెల్లూరు మాగాణుల్లో ఎడగారు పంట ఉండే కాలంలో, బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధిస్తూ డీజీఎఫ్‌టీ ప్రకటన వచ్చింది, వచ్చిన రోజే అమలయింది. నెల తిరిగాక, ఆగస్టు 25న, ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం పడింది, అది ఆర్థిక శాఖ నుంచి. ఒకే ఉద్దేశం, రెండు శాఖల రెండు పనిముట్లు. ఉద్దేశం దాచిందేమీ కాదు: ఎన్నికల ఏడాదికి ముందు పట్టణాలలో బియ్యం ధర పెరగకూడదు. నిషేధం ఎత్తేసింది 2024 సెప్టెంబరు 28న, అప్పుడు కూడా టన్నుకు 490 డాలర్ల కనీస ధర షరతుతో, అక్టోబరు 23న ఆ షరతూ తీసేశారు.

ఈ నిషేధం వేళ వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్. ఆహార, ప్రజాపంపిణీ, వినియోగదారుల వ్యవహారాల మంత్రి కూడా ఆయనే. 2020 అక్టోబరు నుంచి 2024 జూన్ వరకు ఆయన ఆ రెండు కుర్చీలలోనూ ఉన్నారు. మామూలుగా ఆహార శాఖ నిషేధం అడిగితే వాణిజ్య శాఖ ఎగుమతిదారు తరఫున, ఆ ద్వారా రైతు తరఫున, అడ్డు చెప్పాలి. ఇద్దరి వాదనా విని మంత్రివర్గం తేల్చాలి. ఇద్దరూ ఒకరే అయినప్పుడు ఆ వాదన ఎక్కడ జరుగుతుంది? వ్యక్తి మీద విమర్శగా ఈ మాట అనడం లేదు, ఆయన స్థానంలో ఎవరున్నా వినియోగదారు వైపే మొగ్గి ఉండేవారు, ఎందుకంటే బియ్యం కొనేవాళ్లు పండించేవాళ్లకన్నా ఎక్కువ మంది. కానీ పుట్టి 850 కిలోల లెక్కన అమ్ముకునే మన రైతు, మంత్రిత్వ శాఖల పంపకం కూడా తన ధరను తాకుతుందని తెలుసుకోవాలి. కేబినెట్ ప్రమాణ స్వీకారం మరునాడు పత్రికలలో వచ్చే శాఖల జాబితాను మనవాళ్లు ఏ కులానికి ఎన్ని అని చదువుతారు, ఏ రెండు శాఖలు ఒకే చేతిలో పడ్డాయని కూడా చదవాలి.

అదే వరికి వాణిజ్య మంత్రి కాపలా కూడా కాస్తాడు, కాకపోతే అది జెనీవాలో జరుగుతుంది. మద్దతు ధరకు కొని నిల్వ చేసే మన పద్ధతిని ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు సబ్సిడీగా లెక్కిస్తాయి. ఆ లెక్కకు ప్రమాణం 1986–88 నాటి ధరలు. ఆ పాత ధరతో పోలిస్తే నేటి మద్దతు ధర సబ్సిడీలా కనిపించక ఏమవుతుంది? 2013లో బాలి సమావేశంలో, ఆనంద్ శర్మ మంత్రిగా ఉండగా, ఈ కొనుగోళ్ల మీద ఎవరూ కేసు వేయకూడదన్న తాత్కాలిక రక్షణ సంపాదించారు. 2014లో ప్రభుత్వం మారాక నిర్మలా సీతారామన్ హయాంలో, రేవుల్లో, కస్టమ్స్‌లో పనులు తేలిక చేసే వాణిజ్య సౌలభ్య ఒప్పందానికి సంతకం ఆపి మరీ, శాశ్వత పరిష్కారం వచ్చేదాకా ఆ రక్షణ కొనసాగేట్టు ఒప్పించుకున్నారు. 2018–19 పంట ఏడాదికి వరిలో సబ్సిడీకి ఉన్న 10 శాతం హద్దు దాటినప్పుడు ఈ రక్షణనే మొదటిసారి వాడుకోవలసి వచ్చింది. కొనుగోలు కేంద్రంలో తేమ శాతం గురించి తగాదా పడే రైతుకు ఇది కనిపించదు, కానీ ఆ కేంద్రం నిలబడి ఉండడంలో దీని వాటా ఉంది. రెండు ప్రభుత్వాలు, రెండు పార్టీలు, ఒకే పట్టు. మన రాజకీయాలలో ఇలాంటి కొనసాగింపు అరుదు.

చేపల వేట విషయంలో కూడా ఇలాంటి పట్టే నడుస్తోంది. 2022 జూన్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థలో కుదిరిన మత్స్య సబ్సిడీల ఒప్పందం సముద్ర వేటకు మాత్రమే, చెరువుల సాగుకు వర్తించదు. పడవకు డీజిల్ సబ్సిడీ తీసుకునే కొత్తపట్నం, జువ్వలదిన్నె మత్స్యకారులు మిగిలిన చర్చల మీద కన్నేసి ఉంచాలి. 200 నాటికల్ మైళ్ల లోపు వేటకు ఇచ్చే సబ్సిడీల మీద ఆంక్షలకు 25 ఏళ్ల గడువు కావాలని భారత్ అడుగుతోంది.

రాజకీయాల మాటకొస్తే, ఈ పదవికి ఉన్న బలం చట్టంలో కన్నా ప్రధానికి ఉన్న నమ్మకంలో ఎక్కువగా ఉంటుంది. 1991 జులైలో పి.చిదంబరం వాణిజ్య శాఖలో స్వతంత్ర హోదా గల సహాయ మంత్రి మాత్రమే, కేబినెట్ హోదా లేదు. అయినా ఎగుమతులకు నగదు సాయాన్ని రద్దు చేసి, లైసెన్సుల కంచెను విప్పే పని ఆయన చేతుల మీదుగా మొదలయింది, ఎందుకంటే పి.వి.నరసింహారావు, మన్మోహన్ సింగ్ ఆ దారిని ముందే నిర్ణయించి ఉన్నారు. దానికి భిన్నంగా, ఆసియా–పసిఫిక్ దేశాల ఉమ్మడి వాణిజ్య ఒప్పందమైన ఆర్‌సెప్ మీద 2012 నుంచి నలుగురు మంత్రులు కూర్చుని బేరమాడారు, చివరకు 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మనం చేరడం లేదని చెప్పింది ప్రధాని. పాల రైతుల వ్యతిరేకత అందులో పెద్ద కారణం. మంత్రి ఏళ్ల తరబడి కట్టిన గోడను ప్రధాని ఒక్క పూటలో తీసేయగలడు, దాన్ని నిలబెట్టగలిగేదీ ఆయనే.

ఇది చిన్న పదవని అనుకునేవాళ్లు పాత జాబితా చూడాలి. మొరార్జీ దేశాయ్, లాల్ బహదూర్ శాస్త్రి, వి.పి.సింగ్ ముగ్గురూ ప్రధానులు కాకముందు ఈ శాఖను చూసినవాళ్లే. 1994 ఏప్రిల్‌లో మర్రకేష్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద సంతకం చేసిన ప్రణబ్ ముఖర్జీ రాష్ట్రపతి అయ్యారు. మన రాష్ట్రంతో సంబంధమున్నవాళ్లకూ కొదవ లేదు: జైరాం రమేష్, నిర్మలా సీతారామన్ ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లి ఈ శాఖలో పనిచేసినవాళ్లు, దగ్గుబాటి పురందేశ్వరి 2012 నుంచి 2014 వరకు సహాయ మంత్రి. మనవాళ్లు ఉన్నారు కనుక మన పని అయిందా అంటే, పొగాకు వంటి బోర్డు విషయాలలో మాట వినిపించడం తేలికయింది, సుంకాల విషయంలో తేడా ఏమీ లేదు.

పరిశ్రమల వైపు సంగతి రెండు మాటల్లో చెబుతాను. పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం కూడా ఈ మంత్రిదే. చెన్నై–బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతానికి 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదం తెలిపింది, 2025 జనవరి 8న విశాఖ నుంచి ప్రధాని శంకుస్థాపన చేశారు. అక్కడ కంపెనీలు ఎంత త్వరగా దిగుతాయన్నది భూమి, నీరు, రాష్ట్ర ప్రోత్సాహకాల మీద ఆధారపడుతుంది. చీమకుర్తి గ్రానైటు విషయంలో రాయల్టీ రాష్ట్రానిది కనుక, ముడి దిమ్మెల ఎగుమతిని ప్రోత్సహించాలా పలకలు కోసి అమ్మాలా అన్న విధానం దగ్గర మాత్రమే ఈ శాఖ వస్తుంది.

కాబట్టి మీ సంఘం తరపున వినతిపత్రం రాసేటప్పుడు ఒకే కాగితంలో పన్నెండు కోరికలు పెట్టకండి. అలాంటి కాగితాన్ని మంత్రి పేషీ ప్రతి శాఖకూ ముక్కలుగా పంపుతుంది, ఏ ముక్కకూ జవాబు రాదు. మేత ముడిసరుకు మీద సుంకం తగ్గించమనే కోరిక బడ్జెట్‌కు ముందు, నవంబరు లోపే, ఆర్థిక శాఖకు పోవాలి. కరెంటు రాయితీ అమరావతికి. రుణాల వాయిదా బ్యాంకర్ల కమిటీకి, ఆర్థిక శాఖకు. వాణిజ్య మంత్రికి రాసే కాగితంలో మూడే ఉండాలి: రోడ్‌టెప్ రేటు, కొత్త దేశాలలో ప్లాంట్ల అనుమతులు, ఎంపెడా పరీక్షల ఖర్చు. ఒక్కోదానికి మీ దగ్గరున్న బిల్లుల నకళ్లు జతచేయండి. 2025 నవంబరులో కేబినెట్ ఆమోదించిన 25,060 కోట్ల ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌లో చిన్న ఎగుమతిదారులకు ఏ భాగం వర్తిస్తుందో రాతపూర్వకంగా అడగండి, ఎందుకంటే అలాంటి పథకాలలో మొదటి ఏడాది పెద్దవాళ్లు మాత్రమే దరఖాస్తు చేస్తారు.

మీ పార్లమెంటు సభ్యుణ్ణి మంత్రితో ఫొటోకు కాకుండా పార్లమెంటు వాణిజ్య స్థాయీ సంఘం దగ్గరికి పంపండి. ఆ సంఘం అధికారులను పిలిచి ప్రశ్నించగలదు, దాని నివేదికకు శాఖ జవాబు ఇవ్వవలసిందే. 2019 తర్వాత కొంతకాలం దానికి అధ్యక్షుడు మన నెల్లూరు జిల్లాకు చెందిన విజయసాయిరెడ్డి, అప్పుడు ఆ అవకాశాన్ని మన రైతు సంఘాలు పెద్దగా వాడుకోలేదు. ఇంకొకటి: 2025 జనవరి 2న విదేశీ వాణిజ్య విధానంలో ఒక మార్పు తెచ్చారు. ఎగుమతి దిగుమతి నిబంధనలు మార్చేముందు సంబంధితుల అభిప్రాయాలు తీసుకోవాలన్నది దాని సారం, అత్యవసర సందర్భాలకు మినహాయింపు ఉంది. ముసాయిదాలు డీజీఎఫ్‌టీ వెబ్‌సైటులో ఇంగ్లీషులో ఉంటాయి. మీ సంఘంలో కాలేజీ చదివే పిల్లల్లో ఒకరికి వారానికోసారి ఆ పేజీ చూసే పని అప్పగించండి, రొయ్య, మేత, బియ్యం అన్న మాటలు కనిపించిన రోజున మీ అభిప్రాయం గడువులోగా పంపించండి.